ఓడలు రాని రేవు

ఆదివారం సాయంత్రమైతే మా ఊరి బీచి రోడ్డంతా విశాఖపట్నం కార్లే. వస్తారు, పాత లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు దిగుతారు, పిల్లలు కాళ్లు తడుపుకుంటారు, అందరూ మురీ మిక్చరు తింటారు, చీకటి పడేలోపు బండి వెనక్కి తిప్పేస్తారు. "సముద్రం తప్ప భీమిలిలో చూడ్డానికి ఇంకేముందండీ?" అని నన్నే అడిగినవాళ్లున్నారు. ఆ మాట వింటే మనసు చివుక్కుమంటుంది. ఈ ఊరికి కోడలిగా వచ్చి, ఇక్కడి పిల్లలకే సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. సముద్రం ఆర్కే బీచిలోనూ ఉంది, రుషికొండలోనూ ఉంది. దానికోసం పాతిక కిలోమీటర్లు రానక్కర్లేదు. భీమిలి వచ్చి చూడాల్సింది రేవుని.

రేవెక్కడుంది, ఒక్క ఓడైనా లేదే అంటారు. నిజమే, ఓడలు రావడం మానేసి చాలాకాలమైంది. కానీ ఊళ్లో మిగిలిన పాత కట్టడాల్లో ఏది తీసుకున్నా రేవు కోసం కట్టిందో, రేవు వల్ల వచ్చిందో అయి ఉంటుంది. లైట్‌హౌస్ ఎందుకుందో, గంటస్తంభం ఎవరికి అవసరమైందో, ఎక్కడో ఐరోపాలో పుట్టినవాళ్ల సమాధులు ఇక్కడెందుకున్నాయో తెలియాలంటే ముందు రేవు ఎలా నడిచేదో తెలియాలి.

ఈ తీరంలో పెద్ద ఓడ ఒడ్డుదాకా రాలేదు. లోతు చాలదు. అందుకని ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. ఒడ్డుకీ ఓడకీ మధ్య సరుకు చేరవేసేవి మసూలా పడవలు. వాటికి మేకులుండేవి కావు. పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టి బిగించిన పడవైతే కెరటం విరిగే చోట దెబ్బకి పలకలు చీలిపోతాయి. కుట్టిన పడవ ఆ దెబ్బకి కాస్త వంగి, మళ్లీ సర్దుకుంటుంది. మా అత్తగారి తండ్రి ఈ రేవులో తూకాల దగ్గర గుమస్తాగా చేశారట. పడవ కెరటం దాటేదాకా ఒడ్డునున్నవాళ్లు మాటలాపేసి చూసేవారని ఆవిడ చెప్పేవారు. "నాన్న చొక్కా విప్పి దండెం మీద వేస్తే గదంతా కరక్కాయ వాసనేనమ్మా" అని కూడా అనేవారు.

కరక్కాయ మనకి దగ్గు మందు. తోళ్లు పదును చేసేవాళ్లకి మాత్రం పెద్ద వ్యాపార సరుకు. మన్యం నుంచి దిగి ఇక్కడ ఓడెక్కేది. విదేశీ తోళ్ల వ్యాపారంలో ఒక రకం కరక్కాయకి 'భిమ్లీస్' అనే పేరు స్థిరపడిపోయింది. నువ్వులు, వలిసెలు, నీలిమందు కూడా ఈ రేవు నుంచే వెళ్లేవి. అన్నిటికంటే తరగతిలో పిల్లల్ని ఆశ్చర్యపరిచిన సంగతి గోగునారది. మనం పచ్చడి చేసుకునే గోంగూర జాతి మొక్క కాండం నుంచి తీసే నార అది. ప్రపంచ మార్కెట్లో దాన్ని 'బిమ్లిపటం జ్యూట్' అన్నారు. బిమ్లిపటం అంటే ఇంగ్లీషువాళ్ల నోట పడిన మన భీమునిపట్నమే. గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో నార మిల్లు వెలిసింది కూడా ఆ వ్యాపారం బలం మీదే. ఆ మిల్లు మూతపడి ఏళ్లు గడిచాయి. అక్కడ పనిచేసిన వాళ్ల పిల్లలు నా దగ్గర చదువుకున్నారు.

డచ్చివాళ్లు ఇక్కడికి వచ్చింది పదిహేడో శతాబ్దిలో. వాళ్లకి కావలసింది బట్టలు. తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే అక్కడివాళ్లు మన తీరపు నేత బట్టలు అడిగేవారు. అందుకని పులికాట్, మచిలీపట్నం, పాలకొల్లు, కాకినాడ పక్కనున్న జగన్నాథపురం, భీమిలి, ఇలా తీరం వెంబడి స్థావరాలు పెట్టుకున్నారు. మన మగ్గం మీద నేసిన గుడ్డ దీవులకు పోయి లవంగం, జాజికాయ అయి ఐరోపా చేరేది. చివరికి ఐరోపాలో ఇంగ్లీషువాళ్లకీ వీళ్లకీ కుదిరిన ఒప్పందం ప్రకారం 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861లో ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. దేశంలోని పాత పురపాలక సంఘాల్లో ఇదొకటి. ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1890ల్లో మద్రాసు, కలకత్తాలను కలిపిన రైలు మార్గం మమ్మల్ని తాకకుండా విజయనగరం మీదుగా వెళ్లిపోయింది. 1933లో విశాఖపట్నం హార్బరు తెరిచారు. ఓడ నేరుగా గట్టుకి ఆనుకుని నిలబడే సదుపాయం పక్కనే వచ్చాక కుట్టు పడవల రేవుకి పనేముంటుంది? ఇప్పుడు మా ఊరు ఆ విశాఖ నగరపాలక సంస్థలోనే ఒక భాగం.

ఇదంతా మనసులో పెట్టుకుని సముద్రం ఒడ్డు నుంచి ఊళ్లోకి నడవండి. కారు వద్దు. లైట్‌హౌస్ చిన్నది, తెల్లటిది, పెద్ద ఎత్తేమీ కాదు. రాత్రిపూట దూరాన లంగరు వేసిన ఓడకి ఇదే గుర్తుగా ఉండేది. గంటస్తంభం, పాత చర్చి, ఎర్ర పెంకుల బంగళాలు అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. బంగళాల్లో కొన్నిట్లో మనుషులుంటున్నారు కాబట్టి గేటు తోసుకుని లోపలికి వెళ్లకండి.

నేను అందర్నీ తప్పకుండా వెళ్లమనేది డచ్చి సమాధుల తోటకి. హాలండర్స్ గ్రీన్ అని దాని పేరు. కొన్ని సమాధులు మనిషి కంటే ఎత్తుగా, పైకి పోనుపోను సన్నగా మొనదేలి ఉంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే సున్నపు పూత రాలిపోయి లోపలి ఇటుక బయటపడి ఉంటుంది. ఉప్పుగాలి ఇటుకని ముందు తినేస్తుంది, మధ్యనున్న సున్నం నిలుస్తుంది. అందుకని గోడ తేనెపట్టులా గుంటలు గుంటలుగా తయారవుతుంది. రాతి పలకల మీద చెక్కిన డచ్చి అక్షరాలూ కుటుంబ చిహ్నాలూ మాత్రం ఇంకా మిగిలాయి. పొద్దున్నే ఏటవాలు ఎండ పడే వేళ వెళితే నీడల వల్ల అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యాహ్నం వెళితే ఏమీ చదవలేరు. నా విద్యార్థుల్ని తీసుకెళ్లినప్పుడు సుద్దముక్కతో అక్షరాలు దిద్దనిచ్చేదాన్ని కాదు, వేలితో తడిమి చూడమనేదాన్ని. ఒకసారి ఏడో తరగతి పిల్ల అడిగింది: "ఈళ్లు సచ్చిపోనారని ఆళ్లమ్మకి ఎప్పుడు తెలిసింటాది టీచర్?" ఇక్కడి ఉత్తరం ఓడలో ఐరోపా చేరడానికి నెలల తరబడి పట్టేదని చెప్పాను. ఆ పిల్ల తండ్రి, అన్న ఇద్దరూ గుజరాత్ వైపు బోట్ల మీద పనికి పోయేవాళ్లే. సముద్రం మీదికి వెళ్లినవాడి కబురు కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో మా ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఆ సమాధుల పక్కన చనిపోయినవాళ్ల పేర్లు, సంవత్సరాలు తెలుగులో రాసిన ఒక మంచి బోర్డు ఉండాలని నా కోరిక. అది కనిపిస్తే ఫొటో దిగి పోయేవాళ్లలో సగం మందైనా ఆగి చదువుతారు.

రేవు డచ్చివాళ్లతో మొదలైందనుకుంటే మాత్రం పొరపాటు. ఊరిని ఆనుకున్న పావురాలకొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం ఆనవాళ్లున్నాయి. కొండవాలున నరసింహస్వామి గుడి ఉండటంతో నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. ఊరి పేరు భీముడి మీదుగా వచ్చిందని, బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని చెప్పే పెద్దలకీ కొదవలేదు. కొండ మీద రాతిని తొలిచి కట్టిన నీటి తొట్లు చూడండి, పదహారు ఉన్నాయి. వానాకాలం నీరు పట్టుకుని ఏడాదంతా వాడుకున్నారు భిక్షువులు. విశాఖ నుంచి వచ్చే దారిలోనే ఉన్న తొట్లకొండకి ఆ పేరు కూడా ఇలాంటి తొట్ల వల్లే వచ్చింది. 1970ల్లో నౌకాదళం వాళ్లు సర్వే చేస్తుంటే ఆ కొండ మీది శిథిలాల సంగతి బయటపడింది. తర్వాత జరిపిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రోము వెండి ఈ కొండెక్కిందంటే కింద ఎక్కడో సరుకు చేతులు మారిందన్నమాటే. తొట్లకొండ మీద నిలబడి తీరం వైపు చూస్తే ఆ భిక్షువులు ఈ కొండల్నే ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. వచ్చే ఓడా పోయే ఓడా అన్నీ కనిపించే చోటు అది. బావికొండ కూడా ఆ పక్కనే. రోజులో టైము చాలకపోతే తొట్లకొండ ఒక్కటి చూసినా చాలు.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. విశాఖ నుంచి వస్తుంటే భీమిలికి కొద్ది కిలోమీటర్ల ముందు తగులుతాయి. సినిమాల్లో పాటలకీ ఫైటింగులకీ చూసే ఉంటారు. బీచి రోడ్డు పక్కనే ఆపి, ఒక గట్టెక్కి చూసి వచ్చేస్తే వాటిని చూసినట్టు కాదు. లోపల వాన నీరు కోసిన సన్నటి దారులుంటాయి. అందులో నడుస్తూ పోతే రెండు పక్కలా ఎర్ర గోడలు పెరుగుతాయి, సముద్రం హోరు తగ్గుతుంది, ఆకాశం సన్నటి చీలికగా మిగులుతుంది.

ఈ మట్టి వచ్చిన కథ చెప్పందే నాకు తృప్తి ఉండదు. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ఉధృతంగా ఉన్న రోజుల్లో సముద్రపు నీరు ధ్రువాల దగ్గర మంచుగా పేరుకుపోయి, సముద్ర మట్టం ఇప్పటి కంటే సుమారు 120 మీటర్లు తగ్గిపోయింది. అంటే తీరం ఇప్పుడున్న చోటు నుంచి సముద్రం వైపు చాలా దూరం జరిగింది. బయటపడ్డ ఇసకని గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ కుప్పలు పోసింది. ఆ ఇసకలో ఇనుము ఉన్న ఖనిజాలు కలిసి ఉన్నాయి. వానకీ ఎండకీ అవి వేల ఏళ్లపాటు శిథిలమై, ఒక్కో ఇసక రేణువు చుట్టూ తుప్పు పొరలా ఇనుప ఆక్సైడు పట్టింది. ఎరుపు దానిది. పిడికెడు మట్టి తీసుకుని తడి చేత్తో నలపండి, చేతికి రంగంటుకుంటుంది, రంగు పోయిన చోట మామూలు ఇసక రేణువే కనిపిస్తుంది. ఇలాంటి ఎర్ర ఇసక మేటలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. 2025లో మన దేశం యునెస్కో తాత్కాలిక జాబితాకి పంపిన ప్రకృతి స్థలాల్లో తిరుమల కొండలతో పాటు ఈ దిబ్బలు కూడా ఉన్నాయి.

ఇదంతా గట్టి రాయి కాదు, మనిషి కాలు పడితే జారే ఇసక. గోడలెక్కకండి, పేర్లు చెక్కకండి, బైకులు లోపలికి తీసుకురాకండి. ఒక వానకాలంలో వాగు కోసిన దారి అందంగా ఉంటుంది. చక్రాలు కోసిన దారి వెంట మాత్రం మరుసటి వానకి గోడే కూలిపోతుంది. ఈ మట్టిని లారీలకెత్తి తోలుకుపోయిన చోట్లు నేను చూశాను. అక్కడ మళ్లీ దిబ్బ మొలవదు. మంచుయుగం మళ్లీ వచ్చి, గాలి మళ్లీ వేల ఏళ్లు వీచాలి. ఈ ముక్క చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు పెరుగుతుంది.

రావడానికి మంచి కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. విశాఖ రైల్వేస్టేషన్ నుంచి 900కె సిటీ బస్సు సముద్రం పక్కగానే వస్తుంది, కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. పొద్దున్నే బయల్దేరి ముందు సమాధుల తోట, ఊరు, ఎండ ముదరకముందే కొండ చూసుకుని, దిబ్బల్ని సాయంత్రానికి పెట్టుకోవచ్చు. గోస్తనీ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక తిన్నె మీద కూర్చోండి, నీళ్లలోకి మాత్రం దిగకండి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే ఏరు అది. చూడ్డానికి మోకాలి లోతే. పోటు తీసేటప్పుడు ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసి లోపలికి లాగే లాగుడికి ఈతొచ్చినవాళ్లు కూడా ఆగలేరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర పడవలు ఒడ్డునే ఉంటాయి. మిగతా రోజుల్లో తెల్లారే సరికి అలివి వల లాగుతూ ఉంటారు. పడవ మీద వల చివర పట్టుకుని అర్ధచంద్రాకారంలో తిప్పి తెచ్చి, ఒడ్డు మీద రెండు వైపులా పదేసి మంది తాడు పట్టి లాగుతారు. ఆడవాళ్లు గంపలతో పక్కనే నిలబడి ఉంటారు. వల దగ్గరయ్యేకొద్దీ రెండు వరసలూ ఒకదానికొకటి జరుగుతాయి. కవళ్లో, నెత్తళ్లో, అదృష్టం బాగుంటే రెండు మూడు చందువలో పడతాయి. వేలం అక్కడే, ఇసక మీదే. "ఏటి టీచరమ్మా, సూత్తా నిలబడిపోనారు, ఓ సెయ్యెయ్యండి" అని నన్ను కేకేస్తారు. మిమ్మల్ని పిలవకపోయినా అడిగి తాడు పట్టుకోండి, ఎవరూ కాదనరు. అరచేతులు మండుతాయి, ఫర్వాలేదు. వల విప్పాక మీ చేతిలో గుప్పెడు నెత్తళ్లు పెడితే వద్దనకుండా తీసుకోండి. తాడు పట్టిన ప్రతివాళ్లకీ వాటా ఇస్తారిక్కడ.