పుత్రకామేష్టి చేసినా కొడుకు పుట్టకపోతే?

కొడుకు కావాలనుకున్నవాడు పుత్రకామేష్టి చెయ్యాలని వేదం చెబుతుంది. ఒకాయన శ్రద్ధగా చేశాడు. కొడుకు పుట్టలేదు. మరి వేదం చెప్పింది అబద్ధమనుకోవాలా?

ఈ ప్రశ్న నేటి హేతువాదులు పుట్టించింది కాదు. గౌతముడి న్యాయసూత్రాలు వేదం మీద మూడు అభియోగాలను పూర్వపక్షంగా ఎత్తుకున్నాయి: అందులో అబద్ధాలున్నాయి, ఒకదానికొకటి పొసగని మాటలున్నాయి, చెప్పిందే మళ్లీ చెప్పడం ఉంది. మొదటి అభియోగానికి భాష్యకారుడు వాత్స్యాయనుడు చూపిన ఉదాహరణే ఈ పుత్రకామేష్టి. జవాబు కూడా అక్కడే ఉంది. లోపం కర్మలో ఉండవచ్చు, కర్తలో ఉండవచ్చు, వాడిన సాధనాల్లో ఉండవచ్చు. వేదంలో మాత్రం లేదు.

ఈ జవాబు వింటే సంశయవాదికి ఒళ్లు మండుతుంది. కొడుకు పుడితే వేదం గొప్ప, పుట్టకపోతే యజమాని తప్పు. ఇక వేదం ఓడిపోయే సందర్భం ఏదీ అంటాడు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుడి వైపు నుంచి చూస్తే ఇది మొండివాదం కాదు. మందు వాడినా జ్వరం తగ్గకపోతే వైద్యశాస్త్రమే బూటకమని ఎవరూ అనరు. పథ్యం తప్పాడేమో, మోతాదు చాలలేదేమో అని చూస్తారు. తేడా ఒక్కచోట ఉంది. పథ్యం తప్పాడో లేదో ఇంట్లోవాళ్లను అడిగి విడిగా తేల్చుకోవచ్చు. యాగంలో లోపం జరిగిందన్న సంగతి చాలాసార్లు ఫలితం రాకపోవడాన్ని బట్టే తెలుస్తుంది. మతాల సత్యాసత్యాల మీద సాగిన వాదాల్లో పెద్ద భాగం ఈ ముడి చుట్టూనే తిరిగింది.

మన దర్శనకారులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే దేవుడి జోలికి వెళ్లేముందు, అసలు ఏది రుజువు కింద లెక్కకొస్తుందో తేల్చుకోవాలని పోట్లాడుకున్నారు. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్నారు. దిఙ్నాగుడు, ధర్మకీర్తి వంటి బౌద్ధ తార్కికులు దానికి అనుమానాన్ని, అంటే గుర్తును బట్టి తర్కించి తెలుసుకోవడాన్ని, చేర్చి అక్కడితో ఆగారు. నైయాయికులు పోలికతో తెలుసుకునే ఉపమానాన్నీ శబ్దాన్నీ కలిపి నాలుగు చేశారు. వాళ్ల దృష్టిలో శబ్దమంటే ఆప్తవాక్యం: విషయం తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడి మాట. వేదాన్ని వాళ్లు నిలబెట్టిన తీరు గమనించదగ్గది. ఆయుర్వేదం చెప్పినట్టు చేస్తే రోగం నయమవుతోంది కాబట్టి అది చెప్పినవాళ్లు నమ్మదగ్గవాళ్లు. వేదం చెప్పినవాళ్లూ అలాంటివాళ్లే కాబట్టి కంటికి కనపడని విషయాల్లోనూ వాళ్ల మాట చెల్లుతుంది. పరీక్షకు నిలిచిన భాగాన్ని పరీక్షకు అందని భాగానికి హామీగా పెట్టడమన్నమాట. ఆధునిక విజ్ఞానమంతా తమ గ్రంథంలో ముందే ఉందని చెప్పే నేటి ప్రచారకులు, ఏ మతం వాళ్లైనా, ఈ దారిలోనే నడుస్తున్నారు.

వేదకర్మలను సమర్థించే మీమాంసకులకు ఈ హామీ రుచించలేదు. మనిషి మాట అన్నాక పొరపాటుకో మోసానికో చోటుంటుంది. అందుకని వేదాన్ని ఎవరూ చెప్పలేదనీ, అది అపౌరుషేయమనీ అన్నారు. ఏ జ్ఞానమైనా తప్పని తేలేదాకా ఒప్పేననీ అన్నారు. దాంతో రుజువు భారం సందేహించేవాడి నెత్తిన పడింది. అదే మీమాంసకుల్లో ఉద్దండుడు కుమారిల భట్టు ఎదుటి మతం దగ్గరికి వచ్చేసరికి కరడుగట్టిన సంశయవాది. బుద్ధుడు సర్వజ్ఞుడైతే సాంఖ్య దర్శనకారుడు కపిలుడు ఎందుకు కాడు, ఇద్దరూ సర్వజ్ఞులే అయితే ఇద్దరూ రెండు రకాలుగా ఎందుకు చెప్పారు అని నిలదీశాడు. ఆ దెబ్బ తనకు తగలకుండా, వేదానికి కర్తే లేడన్న కవచం ముందే తొడుక్కున్నాడు.

పండితుల సభ దాటి ఊళ్లోకి వస్తే రుజువంటే మహిమ. వీరభద్రుడి సంబరాల్లో భక్తులు నిప్పుల గుండం తొక్కుతారు. కాళ్లు కాలకపోతే అది స్వామి మహిమ. పీర్ల పండుగలో పీర్లను ఎత్తుకున్నవాళ్లూ గుండం తొక్కుతారు. అది పీర్ల మహిమ. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఏ దేవుణ్ణీ తలుచుకోకుండానే నిప్పుల మీద నడిపించి చూపించారు. 1935లో ఇంగ్లండులోని సర్రీలో హ్యారీ ప్రైస్ బృందం కుదా బక్ష్ అనే కాశ్మీరు యువకుడి చేత గుండం తొక్కించి, పాదాలను పరీక్ష చేయించింది. ఆ తర్వాతి పరీక్షలనూ కలుపుకొని చూస్తే తేలింది ఇది: బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, నడిచేవాడి పాదం ఒక్కో అడుగులో నిప్పును తాకేది క్షణంలో కొంతసేపే. ఆగకుండా నాలుగడుగులు వేసేవాడికి సాధారణంగా బొబ్బలెక్కవు.

ఈ కారణం తెలియనివాడికి కూడా ఒక అనుమానం రావాలి. ఒకే గుండం ముగ్గురి పక్షానా సాక్ష్యం చెబితే అది ఎవరి సాక్షి? స్కాట్లాండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో ఇలాంటి వాదమే చేశాడు. పొత్తు కుదరని మతాలన్నీ తమ తమ అద్భుతాలను చూపిస్తే ఒకరి సాక్ష్యం ఇంకొకరి సాక్ష్యాన్ని కొట్టేస్తుందన్నాడు. అద్భుతం జరిగిందని ఎవరైనా చెబితే, ఆ మాట అబద్ధం కావడం ఆ అద్భుతం కంటే పెద్ద అద్భుతమైతేనే నమ్మాలన్నది ఆయన పెట్టిన కొలత. ఇక్కడ విశ్వాసి అడ్డం తిరుగుతాడు. ఏ సాక్షీ దాటలేనంత ఎత్తున గోడ కట్టావు, మా వేదానికి ఓటమి లేదని ఆక్షేపించావే, నీ సందేహానికి మాత్రం ఓటమి ఎక్కడుంది అంటాడు. ఆ ఎదురుప్రశ్నలో పస ఉంది.

అద్భుతాలను అంత తేలిగ్గా ఒప్పుకోని విశ్వాసులూ ఉన్నారు. 1111లో మరణించిన ముస్లిం తత్త్వవేత్త అల్ గజాలీ ఆత్మకథలో ఒక మాట రాశాడు. మూడు పదికంటే పెద్దదని ఎవరైనా చెప్పి, రుజువుగా కర్రను పాముగా మార్చి చూపినా, ఎలా చేశాడా అని ఆశ్చర్యపోతాను తప్ప లెక్కను అనుమానించనన్నాడు. మహిమ చూపినంత మాత్రాన మాట నిజమైపోదని ఒక భక్తుడే చెప్పడం విశేషం.

అద్భుతాలను వడపోయడానికి కేథలిక్ చర్చి ఒక వ్యవస్థనే పెట్టుకుంది. ఫ్రాన్స్‌లోని లూర్డ్ పట్టణంలో 1858లో బెర్నదెత్ సుబిరూ అనే పద్నాలుగేళ్ల అమ్మాయికి మరియమాత కనిపించిందన్న వార్తతో యాత్రికుల రాక మొదలైంది. అక్కడి నీటితో రోగాలు నయమయ్యాయన్న కథనాలను పరిశీలించడానికి 1883లో వైద్య విభాగం ఏర్పడింది. షరతులు ఇవి: రోగం తీవ్రమైనదై ఉండాలి, నిర్ధారణ స్పష్టంగా ఉండాలి, వాడిన మందుల వల్ల నయమై ఉండకూడదు, ఉన్నట్టుండి పూర్తిగా తగ్గాలి, తిరగబెట్టకూడదు. డాక్టర్లు అద్భుతమన్న మాట వాడరు. నేటి వైద్యానికి అంతుపట్టలేదని మాత్రం చెబుతారు. అద్భుతమని ప్రకటించే అధికారం బిషప్‌ది. ఏడు వేలకు పైగా కేసులు నమోదైతే, 2018 నాటికి అద్భుతాలుగా గుర్తింపు పొందినవి 70. అంత వడపోత తర్వాత మిగిలినవి గట్టివేనని విశ్వాసి నమ్మకం. లక్షలమంది రోగులు వెళ్లే చోట కొన్ని రోగాలు వాటంతటవే తగ్గడంలో వింతేముందని సంశయవాది లెక్క. నయమైనవాళ్లు అక్కడ వదిలి వెళ్లిన ఊతకర్రల గురించి రాస్తూ ఫ్రెంచి రచయిత అనటోల్ ఫ్రాన్స్, వాటి మధ్య ఒక్క కొయ్యకాలు ఉంటే ఇంకా నమ్మకంగా ఉండేదన్న చురక వేశాడు.

సంశయవాదులు కోరేది ఇలా పోగుచేసిన కథనాలను కాదు, ముందే నియమాలు పెట్టుకుని చేసిన పరీక్షను. అలాంటిది ఒకటి జరిగింది. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలోని ఆరు ఆస్పత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులుగా విడదీసింది. 2006లో వెలువడిన ఫలితాలు ఇవి. తమ కోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన జరిగినవాళ్లలో 52 శాతం మందికి, జరగనివాళ్లలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని తెలిసినవాళ్లలో 59 శాతం మందికి వచ్చాయి. ఖర్చులో ఎక్కువ భాగం భరించింది మతం పట్ల సానుభూతి ఉన్న టెంపుల్టన్ ఫౌండేషన్. సంశయవాదులు ఇంకేం కావాలన్నారు. విశ్వాసులు దేవుణ్ణి పరీక్షించరాదన్నారు. బంధుమిత్రులు విడిగా చేసుకునే ప్రార్థనలను ఎవరు ఆపగలరన్నారు. రెండో అభ్యంతరంలో విషయముంది. మొదటిది ఒప్పుకుంటే మాత్రం ఒక నష్టముంది: ప్రార్థన ఫలించినప్పుడు దాన్ని రుజువుగా చూపే హక్కు కూడా వదులుకోవాలి.

ఏం జరిగినా నమ్మకం ఓడిపోని ఈ తీరు జోస్యాలు తప్పినప్పుడు ఇంకా బాగా కనిపిస్తుంది. అమెరికాలో విలియం మిల్లర్ బోధలను నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగి వస్తాడని ఎదురుచూశారు. రాలేదు. చాలామంది వెళ్లిపోయారు. కొందరు తేదీ సరైనదే, జరిగింది భూమ్మీద కాదు స్వర్గంలో అన్నారు. వాళ్లలోంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు చర్చి సంస్థగా రూపుదిద్దుకుంది. మన దేశంలో 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు మకర రాశిలో అష్టగ్రహ కూటమి ఏర్పడితే ప్రళయం వస్తుందని జనం వణికిపోయారు, యజ్ఞాలు చేశారు. ఏమీ జరగలేదు. యజ్ఞాల వల్లే గండం తప్పిందన్నవాళ్లకు కొదవలేదు. పుత్రకామేష్టి ఫలించకపోతే కర్తది లోపం, ప్రళయం రాకపోతే కర్తది గొప్ప.

ఈ గొడవంతా వద్దనుకుని, ఫలితాన్ని బట్టి మతాన్ని తూచినవాళ్లున్నారు. అంబేడ్కర్ 1935లో హిందువుగా మరణించనని ప్రకటించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. మధ్యలో 1950లో మహాబోధి పత్రికలో రాసిన వ్యాసంలో తన కొలతలు చెప్పారు: మతం హేతువుకు పొసగాలి, స్వేచ్ఛనూ సమానత్వాన్నీ సౌభ్రాతృత్వాన్నీ గుర్తించాలి, పేదరికాన్ని పవిత్రం చెయ్యకూడదు. నాస్తికుడు గోరా 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీతో వాదించినప్పుడూ కొలత ఆచరణే అయింది. తన ఆస్తికత్వం ఒప్పనీ గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనని గాంధీ అన్నట్టు గోరా గ్రంథస్థం చేశారు. గోరా కుమార్తె కులాంతర వివాహంలో దేవుడికి బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో, ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిగింది.

ఈ కొలత ఉదాత్తమైనది. అయితే అది మతం మంచిదో కాదో చెబుతుంది, నిజమో కాదో చెప్పదు. ప్రతి మతంలోనూ మహానుభావులున్నారు, ప్రతి మతం పేరుతోనూ నెత్తురు పారింది. స్టాలిన్ కాలపు నాస్తిక రాజ్యమూ ఇందుకు మినహాయింపు కాదు.

ఇక చాలామంది దాటవేసేది పుట్టుక సంగతి. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడం చూసే తనకు వారసత్వపు నమ్మకం మీద అనుమానం మొదలైందని అల్ గజాలీ రాశాడు. ఒకప్పుడు మతబోధకుడిగా ఉండి తర్వాత నాస్తికుడైన అమెరికన్ జాన్ లోఫ్టస్ దీన్నే పరీక్షగా మార్చాడు: పరాయి మతాలను ఎంత అనుమానంతో చూస్తావో నీ మతాన్నీ అంత అనుమానంతో చూడమన్నాడు. ఈ పరీక్ష నాస్తికుడికీ వర్తిస్తుంది. సోవియట్ బడిలో నాస్తికత్వం నేర్చుకున్నవాడి అభిప్రాయం కూడా వారసత్వమే.

విశ్వాసి అమాయకుడూ కాడు, సంశయవాది అహంకారీ కాడు. ఇద్దరూ ఎదుటివాడి రుజువులను గట్టిగానే పరీక్షిస్తారు. తమవాటి దగ్గరే మెత్తబడతారు. కాబట్టి ఎవరైనా తమ మతం నిజమని గానీ, మతాలన్నీ అబద్ధమని గానీ చెప్పినప్పుడు పాఠకులు రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఇదే రుజువు పక్క మతం వాళ్లు చూపిస్తే మీరు ఒప్పుకుంటారా? ఏం జరిగితే మీ అభిప్రాయం మార్చుకుంటారు? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పగలవాడితో వాదించడం దండగ కాదు.