దారి తప్పిన ప్రోటాన్ల మీద కాపలా

ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులో, జెనీవా నగరానికి చేరువగా, నేలకు దాదాపు 100 మీటర్ల దిగువన 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో నిర్మించిన లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌లో రెండు ప్రోటాన్ పుంజాలు ఎదురెదురు దిశల్లో సెకనుకు 11,245 సార్లు తిరుగుతూ, నాలుగు చోట్ల మాత్రం ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ఆ నాలుగు చోట్లా అట్లాస్, ఆలిస్, సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీబీ అనే డిటెక్టర్లు ఉండి, ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే కణాల జాడలను నమోదు చేస్తాయి. అయితే ప్రోటాన్లన్నీ గీసిన గీతలో నడవవు. కొన్ని పుంజం నడిచే గొట్టంలో ఇంకా మిగిలి ఉన్న వాయువు అణువులను తాకి చెదురుతాయి, కొన్ని పుంజం అంచున ఉండి క్రమంగా పక్కకు జారతాయి, అయస్కాంతమేదైనా గతి తప్పితే మొత్తం పుంజమే గోడ వైపు ఒరుగుతుంది. ఇలా దారి తప్పి గొట్టం గోడలకు తగిలే ప్రోటాన్ల లెక్కనే పుంజ నష్టం అంటారు.

ఈ లెక్కకు అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే పుంజం బరువునూ బలాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. యంత్ర రూపకల్పన ప్రకారం ఒక్కో పుంజంలో 2,808 గుంపులు, ఒక్కో గుంపులో సుమారు 11,500 కోట్ల ప్రోటాన్లు ఉంటాయి. అన్నీ కలిపి తూచినా గ్రాములో వంద కోట్లవ వంతుకు సగమే. ఆ రవ్వంత పదార్థం మోసే శక్తి మాత్రం 362 మెగాజౌళ్లు, అంటే 400 టన్నుల రైలు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేటప్పుడు దానిలో ఉండే శక్తికి ఇంచుమించు సమానం. పుంజాన్ని వంచే అతివాహక అయస్కాంతాలు, అంటే విద్యుత్ నిరోధం లేకుండా పనిచేసే తీగచుట్టలు, మైనస్ 271 డిగ్రీల చలిలో ఉంటేనే ఆ గుణాన్ని నిలుపుకుంటాయి. పుంజంలో కోట్లలో ఒక వంతు ఒకేచోట తగిలినా తీగ వేడెక్కి ఆ గుణం పోతుంది. దీనినే క్వెంచ్ అంటారు.

కాపలా కాసే ప్రధాన పరికరం చూడడానికి అతి సాధారణమైనది. అర మీటరు పొడవున్న ఉక్కు గొట్టంలో వరుసగా అల్యూమినియం పలకలు అమర్చి, నైట్రోజన్ నింపి, పలకల మధ్య 1,500 వోల్టుల విద్యుత్ పీడనం నిలుపుతారు. దారి తప్పిన ప్రోటాన్ గోడను తాకినప్పుడు ఎగిసే కణాల జల్లు ఈ గొట్టం గుండా పోతూ నైట్రోజన్ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగా, ఆ ఆవేశాలు పలకలకు చేరి సన్నని విద్యుత్ ప్రవాహంగా కనిపిస్తాయి. అయొనైజేషన్ ఛాంబర్ అనే ఈ గొట్టాలు యంత్రం పొడవునా దాదాపు 4,000 ఉన్నాయి. వీటి రాబడిని సెకనులో పది లక్షలవ వంతులు 40 గడిచేసరికి ఒకసారి లెక్కించి, అంతటి చిన్న వ్యవధి మొదలుకొని నిమిషానికి పైబడిన వ్యవధి వరకూ వేర్వేరు మొత్తాలు వేస్తారు. ఎందుకంటే ఒక్క దెబ్బగా వచ్చే నష్టమూ, నిదానంగా కారే నష్టమూ రెండూ ప్రమాదమే అయినా వాటి హద్దులు ఒకటి కావు. ఏ మొత్తం హద్దు దాటినా, పుంజాన్ని మూడు చుట్లు తిరిగేలోపే దారి మళ్లించి, సుమారు 8 మీటర్ల గ్రాఫైట్ దిమ్మెలోకి తోలేస్తారు. దిమ్మె ఒకేచోట కాలిపోకుండా పుంజాన్ని దాని ముఖం మీద ముగ్గు వేసినట్టు పరుస్తారు.

డిటెక్టర్ల దగ్గరికి వచ్చేసరికి సమస్య స్వరూపమే మారిపోతుంది. మిగతా చోట్ల నష్టం కనిపించడమే ఒక కబురు; ఇక్కడ మాత్రం ప్రోటాన్లను కావాలనే ఢీకొట్టిస్తున్నారు కనుక, ఆ శకలాలు పక్కనున్న అయస్కాంతాల మీద ఎడతెగకుండా పడుతూనే ఉంటాయి. నిండు జాతరలో జేబుదొంగను పట్టడం లాంటి పని ఇది. హద్దు తక్కువ పెడితే మంచి ఢీకొనడాలకే యంత్రం ఆగిపోతుంది, ఎక్కువ పెడితే అసలు ప్రమాదం రద్దీలో కలిసిపోతుంది.

అట్లాస్ శాస్త్రవేత్తలు ఈ చిక్కును దూరంతోనూ కాలంతోనూ విప్పిన తీరు ముచ్చటైనది. ఢీకొనే బిందువుకు అటూ ఇటూ 184 సెంటీమీటర్ల దూరంలో, పుంజానికి అయిదున్నర సెంటీమీటర్ల ఎడంగా, సెంటీమీటరు వెడల్పున్న వజ్రపు రేకులను నాలుగేసి చొప్పున నిలిపారు. కాంతి నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి నడిమధ్య పుట్టిన కణాలు ఆరు నానోసెకన్ల తరువాత రెండు వైపులా ఒకేసారి చేరతాయి. అదే ఎగువన ఎక్కడో గోడకు తగిలిన ప్రోటాన్ నుంచి వచ్చే కణాలు ముందు ఒక వైపు రేకును, పన్నెండు నానోసెకన్లు ఆగి రెండో వైపు రేకును తాకుతాయి. జంటగా వచ్చినవి చుట్టాలు, ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి చొరబాటుదారులు. గుంపుల మధ్య ఎడం 25 నానోసెకన్లు కావడంతో, చొరబాటు కబుర్లు సరిగ్గా రెండు మంచి కబుర్ల నడుమ సందులో పడతాయి.

వజ్రం అనగానే నగల దుకాణం తలపుకు రావడం సహజమే కానీ, ఇక్కడ వాడేది మీథేన్ వంటి వాయువు నుంచి కర్బనాన్ని పొరలుగా పేర్చి పెంచిన కృత్రిమ వజ్రం. సిలికాన్‌తో పోలిస్తే రేడియేషన్‌కు బాగా ఓర్చుకుంటుంది, చల్లబరిచే ఏర్పాటు అక్కరలేదు, స్పందన కూడా వేగంగా ఉంటుంది. సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీబీ కూడా వజ్రాలనే నమ్ముకున్నాయి.

ప్రమాదం ఎప్పుడూ బయటి నుంచే రాదు. 2003 డిసెంబరులో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో, టెవట్రాన్ యంత్రంలో, పుంజానికి దగ్గరగా జరపడానికి వీలైన డిటెక్టర్ భాగమొకటి అనుకోకుండా పుంజంలోకే జరగడంతో అయస్కాంతాలు క్వెంచ్ కాగా, దారి తప్పిన పుంజం రక్షణగా పెట్టిన లోహపు దిమ్మెలనే తొలిచేసింది.

జపాన్‌లోని త్సుకుబాలో సూపర్‌కెక్‌బీ యంత్రానికి ఇప్పుడు ఎదురవుతున్న చిక్కు మరింత గడ్డుది. అక్కడి బెల్ 2 డిటెక్టర్‌లో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌తో పాటు ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి. ఆ యంత్రంలో పుంజం ఒకటి రెండు చుట్లలోనే ముందస్తు సూచన లేకుండా కూలిపోయిన సందర్భాలున్నాయి. అలాంటి దెబ్బలకే 2024లో లోపలి పిక్సెల్ డిటెక్టర్ కొంత పాడవగా, మిగిలినదాన్ని కాపాడుకోవడానికి దానిని ఆపివేశారు. మూడు కిలోమీటర్ల ఆ వలయంలో ఒక చుట్టుకు పట్టేది సెకనులో పది లక్షలవ వంతులు పది మాత్రమే, ఆపమనే సంకేతం ఫైబర్ తీగలో అంతసేపట్లో పోగలిగేది రెండు కిలోమీటర్లు. అందుకే అక్కడి ఇంజనీర్లు నష్టం మొదలయ్యే చోటికి దగ్గరగా కొత్త సెన్సర్లు పెట్టి, సంకేతం నడిచే దారిని కుదించే పనిలో పడ్డారు.