శీతలీకరణ వ్యవస్థలో ఆయిలు కలయిక (కారు)

కారు ఇంజనును చల్లబరచే కూలెంటులో ఇంజను ఆయిలు గాని, గేరుబాక్సు ఆయిలు గాని చేరడాన్ని శీతలీకరణ వ్యవస్థలో ఆయిలు కలయిక అంటారు. లోపల ఈ రెండు ద్రవాలను వేరుచేసే గోడ ఎక్కడో తెగినదనడానికి ఇది గుర్తు. ఆయిలు ఏ దారిన వచ్చినదో తేల్చకుండా ఇంజను హెడ్డు విప్పిస్తే ఖర్చంతా వృథా కావచ్చును.

కారణం

ఇంజను నడిచేటప్పుడు ఆయిలు పీడనం సాధారణంగా 2 నుండి 5 బార్ల వరకు ఉంటుంది. రేడియేటరు మూత సుమారు 1 బారు వద్దనే తెరుచుకొంటుంది. కాబట్టి చీలిక ఏర్పడితే ఆయిలే కూలెంటులోకి తోసుకొనిపోతుంది. ఇంజను ఆపగానే ఆయిలు పీడనం పోయి, వేడి కూలెంటులో మాత్రం కొంతసేపు మిగిలి ఉంటుంది. అప్పుడు కూలెంటు ఆయిలులోకి దిగవచ్చును. అయితే డిప్‌స్టిక్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన లోపం లేదనుకోరాదు.

తుప్పా, ఆయిలా?

నెల్లూరు జిల్లాలో పెన్నా నదికి ఉత్తరాన, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారికి చేరువలో ఉన్న కోవూరు వంటి చోట్ల ఈ ప్రశ్న ముందుగా వేసుకోవాలి. తీరప్రాంతంలో బోరు నీరు పలుచోట్ల ఉప్పగా ఉంటుంది. కూలెంటుకు బదులు అటువంటి నీరు పోస్తే లోపల గార కట్టి, తుప్పు పడుతుంది. ఆ గోధుమరంగు నీటిని చూసి ఆయిలని భ్రమపడడం సులభం. కొంత ద్రవాన్ని గాజు సీసాలో పోసి కదల్చక ఉంచితే తుప్పు అడుగుకు చేరుతుంది. ఆయిలు పైకి తేలుతుంది, లేదా మీగడవంటి జిగట ముద్దగా మూతకు, ట్యాంకు గోడలకు అంటుకొంటుంది. వేర్వేరు రకాల కూలెంట్లు కలిపినా ఒక్కోసారి ఇటువంటి ముద్ద ఏర్పడుతుంది.

ఇంజను పూర్తిగా చల్లారక ముందు మూత తీయరాదు. 1 బారు అదనపు పీడనంలో నీరు దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. మూత తీయగానే ఒక్కసారిగా మరిగి ముఖానికి చిమ్ముతుంది. 40 డిగ్రీలు దాటే నెల్లూరు ఎండల్లో ఇంజను చల్లారడానికి మరింత సమయం పడుతుంది.

దారిని కనుగొనుట

ముద్ద లేత గులాబీ రంగులో ఉంటే ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలును అనుమానించాలి. ఈ ఆయిలు చాలావరకు ఎర్రగా ఉంటుంది; దానిని చల్లబరచే గొట్టం అనేక కార్లలో రేడియేటరు ట్యాంకులోనే ఉంటుంది. ఇటువంటి బండిని నడుపుకొంటూ షెడ్డుకు తీసుకొనిపోరాదు. కూలెంటు గేరుబాక్సులోకి దిగితే క్లచ్ పలకల పూత ఊడిపోతుంది.

ముద్ద గోధుమరంగులో ఉంటే అది ఇంజను ఆయిలు. అప్పుడు ఆయిల్ కూలరు, హెడ్ గ్యాస్కెట్ రెండూ అనుమానించదగినవే. రేడియేటరు మూతి వద్ద ఆవిరిని నీలిరంగు పరీక్షద్రవం గుండా పంపినప్పుడు పెట్రోలు ఇంజనులో అది పసుపుకు మారితే, దహనవాయువులు కూలెంటులోకి వస్తున్నాయన్నమాట. అంటే గ్యాస్కెట్ గాని, హెడ్డు గాని చెడినది. రంగు మారకపోతే ముందుగా ఆయిల్ కూలరును విప్పి, ఒక వైపు మూసి, ఆయిలు మార్గంలో గాలి నింపి గోరువెచ్చని నీటిలో ముంచి చూస్తారు. బుడగలు వస్తే చీలిక అక్కడే. రాకపోతే గ్యాస్కెట్‌ను వదలిపెట్టడానికి వీలులేదు. సిలిండరును తాకకుండా ఆయిలు రంధ్రానికీ నీటి రంధ్రానికీ మధ్య మాత్రమే అది తెగి ఉండవచ్చును. మెకానిక్కులు తరచు పొరబడేది ఇక్కడనే.

శుభ్రపరచుట

లోపం సరిచేసిన తరువాత వ్యవస్థను తగిన ద్రావణంతో పలుమార్లు కడగాలి. కిరసనాయిలు వాడితే రబ్బరు మరింత పాడవుతుంది. ఆయిలు పీల్చి ఉబ్బిన హోసు పైపులను, థర్మోస్టాట్‌ను మార్చడం మంచిది. కొద్దిరోజులు ట్యాంకులో పలుచని ఆయిలు పొర కనబడడం మామూలే. రోజురోజుకూ పెరుగుతూ ఉంటే చీలిక ఇంకా మిగిలి ఉన్నట్లే.