జీవకణము – గ్రామపు బావి

ఇటుకలతో ఇల్లు నిర్మింపబడినట్లే, ప్రాణుల శరీరములన్నియు జీవకణములతో నిర్మింపబడినవి. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెండు ముక్కను సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందు కానవచ్చిన చిన్న గదులకు ‘సెల్’ అని పేరిడెను.

కణము చుట్టును పలుచని పొర యుండును. ఆహారమును లోనికి రానిచ్చి, వ్యర్థములను వెలికి పంపునది ఈ పొరయే. లోపల జీవద్రవ్యము కలదు. మన శరీర కణములలో పెక్కింటియందు కేంద్రకముండి, కణము పనులను నడిపించును.

మన దేహమున కోట్లాది కణములుండగా, కలరా క్రిమి దేహమంతయు ఒకే కణము. దానికి కేంద్రకము లేదు, పొర కలదు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలోని ఒక చెరువు నీటిలో ఈ క్రిమిని కనుగొనెను. నీటిలో కలిపిన బ్లీచింగ్ పౌడరునందలి క్లోరిన్ ఆ పొరను చెరచి, లోపలి జీవక్రియలను నిలిపివేయును. అంతట క్రిమి నశించును.

అయితే ఈ పని క్షణములో జరుగదు. కావున తేటనీటికి, వేయి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మేలైన పౌడరు కలిపి, గంటసేపు ఆగిన పిదపనే నీరు తోడనీయవలెను. నీటిలో మురికి యున్నచో అది క్లోరిన్‌ను హరించును. గాలి తగిలిన పౌడరు సత్తువ కోల్పోవును.

కనుక పంచాయతీ సభ్యులు బావిలో మందు వేసిరా యనుటతో సరిపెట్టుకొనక, ఎట్టి పౌడరు, ఎంత, ఎప్పుడు వేసిరో విచారింపవలెను. గ్రామ ప్రజల ఆరోగ్యము దానిపై ఆధారపడియున్నది.