విద్యార్థులలో దీర్ఘకాలిక అలసట - వ్యాయామం

దీర్ఘకాలిక అలసట అనగా విశ్రాంతి తీసుకున్నప్పటికీ తగ్గక, వారాలు లేదా నెలల తరబడి కొనసాగే నీరసం. ఇది ఒక వ్యాధి పేరు కాదు, అనేక కారణాల వలన కలిగే లక్షణం. క్రమం తప్పని తేలికపాటి వ్యాయామం వలన ఈ అలసట చాలామంది విద్యార్థులలో తగ్గుతుంది. అయితే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే ప్రత్యేక వ్యాధి ఉన్నవారికి అదే వ్యాయామం హాని కలిగించవచ్చును. కనుక వ్యాయామం మొదలుపెట్టే ముందు అలసటకు కారణమేమిటో తెలుసుకోవడం అవసరం.

కారణాలు

గోదావరి డెల్టా ప్రాంతంలో ఉన్నత విద్యాకేంద్రాలు అనేకం ఉన్నాయి. వీటిలో రాజమహేంద్రవరం వద్ద 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడలో 2008లో విశ్వవిద్యాలయ హోదా పొందిన జె.ఎన్.టి.యు. ముఖ్యమైనవి. ఎక్కడి విద్యార్థులలోనైనా అలసటకు నిద్రలేమి, పరీక్షల ఒత్తిడి, గంటల తరబడి కూర్చొని ఉండటం, ఉదయపు ఆహారం మానివేయడం సాధారణ కారణాలు.

వీటితో పాటు రక్తహీనత ఒక ప్రధాన కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములు, పురుషులలో 13 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతగా పరిగణిస్తారు. థైరాయిడ్ లోపం, మధుమేహం, క్షయ, మానసిక కుంగుబాటు కూడా అలసటగానే బయటపడవచ్చును. వీటికి తగిన చికిత్స కావాలి. వ్యాయామం ఆ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

వ్యాయామం వలన ప్రయోజనం

అలసినవారికి విశ్రాంతే మందు అని సాధారణంగా భావిస్తారు. కానీ కదలిక లేకపోతే కండరాలు, గుండె సామర్థ్యం తగ్గి, చిన్న పనికే ఆయాసం వస్తుంది. క్రమమైన వ్యాయామం ఈ సామర్థ్యాన్ని పెంచి, నిద్రను, మానసిక స్థితిని మెరుగుపరుస్తుంది.

అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం అలవాటు లేని, తరచు అలసటతో ఉండే 36 మంది యువతీయువకులు పాల్గొన్నారు. వ్యాయామం చేసినవారు వారానికి 3 రోజులు, రోజుకు 20 నిమిషాల చొప్పున 6 వారాలు సైకిలు యంత్రం తొక్కారు. వారిలో ఉత్సాహం పెరిగింది. మధ్యస్థంగా శ్రమించినవారి కంటే తేలికగా తొక్కినవారిలోనే అలసట ఎక్కువగా తగ్గింది. అలసట పోవడానికి కఠిన శ్రమ అవసరం లేదని ఇది సూచిస్తున్నది.

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్

ఈ వ్యాధిలో అలసట 6 నెలలకు మించి ఉండి, చదువు, దైనందిన పనులు కుంటుపడతాయి. ఎంత నిద్రించినా సేద తీరదు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గవచ్చును. కొద్దిపాటి శారీరక లేదా మానసిక శ్రమ తరువాత లక్షణాలన్నీ తీవ్రమై, రోజుల తరబడి కోలుకోలేకపోవడం దీని ముఖ్య లక్షణం. ఈ క్షీణత తరచుగా శ్రమ చేసిన మరుసటి రోజున కనిపిస్తుంది.

బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2007లో ఈ రోగులకు క్రమంగా పెంచే వ్యాయామాన్ని సిఫారసు చేసింది. 2021లో ఆ సిఫారసును ఉపసంహరించుకొని, శక్తి పరిమితిలోనే పనులు చేసుకొని మధ్యమధ్య విశ్రాంతి తీసుకోవాలని సూచించింది. ఇటువంటి విద్యార్థిని సోమరి అనడం, బలవంతంగా మైదానానికి పంపడం తగదు.

డెల్టాలో వ్యాయామం - జాగ్రత్తలు

డెల్టా నేల చదునైనది కనుక నడకకు, సైకిలు తొక్కడానికి అనుకూలం. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు, పల్లెలలో కాలువ గట్లు ఇందుకు ఉపయోగపడతాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. గాలిలో తేమ వలన చెమట త్వరగా ఆరదు. కనుక తెల్లవారుజామున వ్యాయామం చేసి, తగినంత నీరు త్రాగడం మంచిది.

* 10 నిమిషాల నడకతో ప్రారంభించి, వారాల వ్యవధిలో నెమ్మదిగా పెంచాలి.
* వ్యాయామం కోసం నిద్రను తగ్గించుకోరాదు.
* భోజనం చేసిన వెంటనే టీ త్రాగితే ఆహారంలోని ఇనుము శరీరానికి సరిగా అందదు.
* బరువు తగ్గడం, జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, వ్యాయామం చేసిన మరునాడు లేవలేని స్థితి కలిగినా వ్యాయామం ఆపి వైద్యుని సంప్రదించాలి.