పసిబిడ్డతో విదేశానికి: ఏవి సర్దాలి, ఏవి వదిలేయాలి?



మన స్కూల్ పిల్లల్లో చాలామందికి పిన్నో, అత్తో, మేనమామో అమెరికాలో ఉంటారు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి అడిగారు: "మా చెల్లెలు చంటిబాబుతో వెళ్తోంది మేడం, ఏమేం కొనాలి?"

గత ఏడాది మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న. మా అక్క పుట్టింట్లో డెలివరీ అయ్యి, పాపకు నాలుగో నెల వచ్చాక డల్లాస్‌లో ఉన్న బావగారి దగ్గరకు బయలుదేరింది. తన టికెట్‌కు 23 కిలోల సూట్‌కేసులు రెండే. హాల్లో చూస్తే స్ట్రోలర్, కరెంటు స్టెరిలైజర్, పరుపు, దిండ్ల సెట్, బారసాలకు వచ్చిన గౌన్ల గుట్ట! పాలు, నిద్ర, శుభ్రత, ప్రయాణం: ఈ నాలుగింటిలో దేనికి పనికొస్తుందో చూసుకుని ఒక్కో వస్తువునూ సర్దాం.

1. పాలు: తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలల వరకు నీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బాపాలు పట్టేవారికి రెండు మూడు సీసాలు, దారికి సరిపడా పౌడర్ చాలు. స్టెరిలైజర్ వద్దు. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ఇక్కడ కొన్నది అక్కడ సరిగా వేడెక్కదు. సీసాలను మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

2. నిద్ర: ఇక్కడే అమ్మకూ అక్కకూ మాట పట్టింపు వచ్చింది. అమ్మ స్వయంగా ఆవాల దిండు కుట్టింది. "మీ ఇద్దరి తలలూ గుండ్రంగా వచ్చింది దీనివల్లేనే" అంది. కానీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా వేరు. ఏడాది లోపు బిడ్డను గట్టి, చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది కాబట్టి పక్కలో దిండు, దుప్పటి, బొమ్మలు ఉండకూడదు. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి కాసేపు బోర్లా పడుకోబెడితే తల ఆకారానికీ మంచిదే. దిండు ఇంట్లోనే ఉండిపోయింది.

3. శుభ్రత: కాటన్ జుబ్బాలు ఏడెనిమిది, పాత నూలు చీరతో చేసిన పొత్తిగుడ్డలు పది. డైపర్లు ప్రయాణానికి, మొదటి రెండు రోజులకు మాత్రమే. కాటుక డబ్బా వద్దు. అందులో సీసం ఉండే ప్రమాదం ఉంది, అమెరికాలో దానికి అనుమతి లేదు.

4. ప్రయాణం: అన్నిటికన్నా ముఖ్యమైనది కారు సీటు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని కారులో వెళ్లడం అక్కడ చట్టవిరుద్ధం. పైగా చాలా ప్రమాదం. అక్కడి ప్రమాణాల లేబుల్ ఉన్న సీటే కావాలి కాబట్టి ఇక్కడ కొనకండి. బావగారు కొత్తది కొని, బిడ్డ ముఖం కారు వెనక వైపుకు ఉండేలా బిగించి, ఎయిర్‌పోర్టుకు తెచ్చారు. విమానంలో ఊయల తొట్టి కావాలంటే టికెట్ తీసుకున్నప్పుడే అడగాలి. దాని బరువు పరిమితి ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది.

సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టాల్సిన ఫైలు ఒకటుంది: పేరుతో ఉన్న బర్త్ సర్టిఫికెట్, బిడ్డ పాస్‌పోర్టు, వీసా, టీకాల కార్డు. అక్క 14 వారాల టీకాలు వేయించాకే ప్రయాణం పెట్టుకుంది. బీసీజీ అక్కడ మామూలుగా పిల్లలందరికీ వేయరు. ఇక్కడ వేసిన తేదీ కార్డులో ఉందో లేదో చూసుకోండి.

చివరికి ఒక సూట్‌కేసులో సగం ఖాళీగా మిగిలింది. అమ్మ తన మెత్తటి నూలు చీర మడిచి అందులో పెట్టింది. "పాపకు కాదే, నీకు. చలేస్తే కప్పుకో" అంది.

మీ ఇంట్లో ఇలాంటి ప్రయాణం ఉంటే ముందు ఆ ఫైలు సిద్ధం చేయండి, కారు సీటు సంగతి అక్కడున్నవారికి చెప్పండి. మిగతావి వెళ్లాక అవసరాన్ని బట్టి కొనుక్కోవచ్చు.