గగనమున గంట, గడపనుండి అయిదు గంటలు

శ్రీరాముడు పుష్పకమెక్కి లంకనుండి అయోధ్యకు మరలివచ్చిన కథను వినినది మొదలు, విమానమనగా దూరమును మ్రింగివేయు సాధనమను నమ్మకము మన హృదయములలో నాటుకొనియున్నది. ఆ నమ్మకము నిరాధారము గాదు. కాని అది యెంతవరకు సత్యమో లెక్కగట్టి చూచువారు అరుదు. హైదరాబాదు విజయవాడల నడిమి ప్రయాణమును దీసికొని మేమా లెక్కను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

పక్షి యెగిరిన త్రోవను గొలిచినచో ఈ రెండు నగరముల నడుమ దూరము సుమారు 250 కిలోమీటర్లు. రాజమార్గమున సుమారు 275. కాజీపేట మీదుగా చుట్టుతిరిగి వచ్చు రైలుదారిని సుమారు 350. గంటకు 500 కిలోమీటర్లు పోగల చిన్న విమానమునకు ఇది అరగంట పని. అయినను కాలపట్టికలో గంట యని వ్రాయుదురు. ఏమన, ఆ కాలము విమానము తన నిలుకడను వదలినది మొదలు మరల నిలుచువరకు లెక్కింపబడును. నేలపై అది మెల్లగా నడచును. ఎక్కునపుడును దిగునపుడును పూర్తివేగము నందుకొనజాలదు. దిగుటకు తనవంతు వచ్చువరకు ఒక్కొక్కప్పుడు ఆకాశముననే తిరుగాడవలసివచ్చును.

ఈ గంటయే ప్రయాణమనుకొనుట పొరపాటు. బేగంపేట విమానాశ్రయము నగరమున నుండెడిది. 2008లో శంషాబాదు ఆశ్రయము తెరువబడినది మొదలు ప్రయాణికుడు ఊరిబయటికి బోవలసియున్నది. ఇల్లు వదలి అచ్చటికి చేరుటకు ఒక గంట. తనిఖీలకై రెండు గంటలు ముందుగా రావలయునందురు. గన్నవరమున దిగి, సామాను చేకొని, విజయవాడలో ఇల్లు చేరుటకు మరియొక గంట. గాలిలోని గంటను గూర్చి చూడగా మొత్తము అయిదు గంటలు! రాజమార్గమున కారునకును ఇంచుమించుగా ఇంతే పట్టును. 2023లో ఆరంభమైన వందేభారత్ రైలు సికింద్రాబాదు స్టేషనునుండి విజయవాడ స్టేషనునకు సుమారు నాలుగు గంటలలో చేర్చుచున్నది.

విమానమును నిందించుట మా యుద్దేశము గాదు. ఢిల్లీ ప్రయాణమును జూడుడు. ఆకాశమార్గమున దూరము సుమారు 1,250 కిలోమీటర్లు. విమానమునకు రెండుంబావు గంటలు. రెండు కొసలందలి నాలుగు గంటలను గలిపినను ఆరుంబావు గంటలకు మించదు. తెలంగాణ ఎక్స్‌ప్రెసు 1,650 కిలోమీటర్లకు పైగా నడచి ఒక పగలు, ఒక రాత్రి గడచిన పిదపగాని ఢిల్లీ జేరదు. ఇచ్చట విమానమునకు సాటి లేదు. కొసలందు పట్టు కాలము దగ్గరి ఊరికైనను దూరపు ఊరికైనను ఒక్కటే. దూరము పెరిగినకొలది ఆ భారము తేలికయగును. తగ్గినకొలది అదియే ప్రయాణమంతయు నగును.

రోగిని పట్నమునకు తరలించు కుటుంబమునకును, కోర్టువాయిదాకు బోవు రైతునకును ఒక గంట పొరపాటు చిన్న నష్టము గాదు. ప్రజాధనముతో విమానాశ్రయము గట్టింతుమని నాయకులు వాగ్దానము చేయునపుడు పౌరులు అడుగవలసినది గగనమున నెంతసేపని గాదు, గడపనుండి గడపకు నెంతసేపని. ఆశ్రయమునకు మంచి బాటయు, సకాలమున నడచు బస్సును లేనిచో, పైన ఆర్జించిన కాలమును క్రింద పోగొట్టుకొనుటయే యగును. పుష్పకమునకు గల సౌకర్యము మన విమానములకు లేదు: అది కోరిన వాకిటనే దిగెడిది.